ఆరు గీతల సీసా

పోయిన నెల ఒక శుక్రవారం మిర్యాలగూడ నుంచి కార్డు వచ్చింది. మా కాంపౌండరు సాబు పోయారు. కార్డు రాసింది ఆయన కూతురు. ఉన్న కాస్త చోటులో సగం ఆయన ఆఖరి సాయంత్రం గురించే రాసింది. నీరసంగా ఉన్నారని ఎవరో బలానికి టానిక్కు తెచ్చి ఇస్తే, కళ్ళద్దాలు తెప్పించుకుని సీసా మీద ఉన్న అచ్చంతా చదివారట. గడువు చూశారట. ఊపి పొయ్యమన్నారట. ఆమె పోస్తుంటే, "రెండు చెంచాలని రాసి ఉంటే మూడోది ఎవరికి పోస్తున్నవు బిడ్డా?" అని అడిగారట. రెండే తాగి పడుకున్నారు. పొద్దున లేవలేదు.

చదివి ముందు నవ్వాను. మా మనవరాలు జోకేమిటో చెప్పమని అడిగితే అప్పుడు ఏడుపు వచ్చింది.

మీలో చాలామందికి ఆయన తెలియదు. నిజాం సర్కారు ఆఖరి రోజుల్లో సూర్యాపేట దవాఖానలో కాంపౌండరుగా పనిచేశారు. డాక్టరు వారానికి రెండు రోజులే వచ్చేవారు. మందు కలపడం, సీసాలో పోయడం, మూత బిగించడం, ఎలా తాగాలో నలభైసార్లు చెప్పడం ఈయన పని. ఊరంతా డాక్టర్ సాబనే పిలిచేది. పిలిచిన ప్రతిసారీ ఆయన సరిదిద్దేవారు. "డాక్టర్ను కాను. ఆయన రాస్తడు, నేను కలుపుత. సొంతంగ ఒక్క గోలీ రాసినా నా నౌకరీ పోతది" అనేవారు. ఈ మాట గుర్తుంచుకోండి, దీనితో మళ్ళీ పని పడుతుంది.

సర్కారు నౌకర్లు జేబులో కలం పెట్టుకుంటే ఆయన చెంచా పెట్టుకునేవారు. దానికి కారణం ఉంది. ఒక్క చెంచా మందు తాగమని చెబితే ఒకరింట్లో అది ఉప్పు చెంచా, ఇంకొకరింట్లో పప్పు గంటె. గంటెతో తాగి మూడు రోజులు చెరువు గట్టు వదలని మనిషిని చూశాక, ఆయన తన చెంచాను అందరికీ చూపించడం మొదలుపెట్టారు. బజార్లో కూరగాయలు కొంటున్నా సరే, పాత రోగి ఎదురైతే జేబులోంచి చెంచా తీసి, "గింతనే, యాది ఉన్నది గద?" అని చూపించి మళ్ళీ జేబులో పెట్టుకునేవారు. కొత్తవాళ్ళు ఆయనకు ఎక్కడో భోజనం పిలుపు ఉందనుకునేవారు.

యుద్ధం అయిపోయాక సూర్యాపేటకు విటమిన్ అనే మాట వచ్చింది. ముందు మాట వచ్చింది, వస్తువు రావడానికి చాలా రోజులు పట్టింది. ఈలోగా జనం తలనొప్పికీ అదే, పంటినొప్పికీ అదే, కోడలు మాట వినకపోయినా అదే అడగసాగారు. "సాబూ, గా తాకత్ సూది ఒకటి ఎయ్యి" అని బలం సూది కోసం చెయ్యి చాపేవారు. ఆయన సూది సంగతి ఎత్తకుండా ముందు "నిన్న ఏం తిన్నవు?" అని అడిగేవారు. మొన్న ఏం తిన్నవు, ఆకుకూర తిని ఎన్ని రోజులైంది అని ఆరా తీసేవారు. దవాఖానకు వచ్చి వంటింటి ముచ్చట చెప్పాల్సి రావడం కొందరికి నామోషీగా ఉండేది.

మిర్యాలగూడ ఆయన సొంతూరు. అక్కడ బియ్యం మిల్లు పడ్డాక సూర్యాపేటలో కూడా తెల్లగా మెరిసే బియ్యం తినడం గొప్ప అయింది. కచేరీ గుమాస్తా ఒకాయన అరికాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయని, ఇంగ్లీషు గోలీలు ఇవ్వమని వచ్చాడు. ఈయన మిల్లు నుంచి తెచ్చిన తవుడు పొట్లం చేతిలో పెట్టారు. 

"ఇది మా బర్రె తింటది" అన్నాడు గుమాస్తా. 

"అందుకే దానికి తిమ్మిర్లు లేవు" అన్నారు ఈయన. 

గుమాస్తా పొట్లం బల్ల మీద కొట్టి వెళ్ళిపోయాడు. మర్నాడు ఆయన భార్య వచ్చి, రొట్టె పిండిలో కలిపితే మనిషికి తెలియదు కదా అని అడిగి, ఆ పొట్లమే పట్టుకెళ్ళింది. తిమ్మిర్లు తగ్గాయి. అది ఇంగ్లీషు గోలీల మహిమేనని గుమాస్తా ఊరంతా చెప్పుకున్నాడు. ఏ గోలీలని ఎవరూ అడగలేదు.

ఇక నా సంగతి. నా పుట్టిల్లు కోదాడ పక్కన. నాలుగో తరగతి దాకా చదివాను. పెళ్ళి చేసి సూర్యాపేట అంచున గొర్లు కాసే ఇంటికి పంపారు. కొత్తలో నా కోదాడ మాట వినడానికే మా ఆడబిడ్డ పదిసార్లు నీళ్ళు అడిగేది. "తెస్తున్నానండి" అంటే పొట్ట పట్టుకుని నవ్వేది. ఇంట్లో మామ, అత్త, మా ఆయన, మరిది, ఆడబిడ్డ, నేను, మొత్తం ఆరుగురం.

గొర్లు ఉన్న ఇంటి కోడలికి సాయంత్రం ఒక పని ఉంటుంది. పాలు తాగే గొర్రెపిల్లలు పగలంతా ఇంటి దగ్గర దడిలో ఉంటాయి, తల్లులు మేతకు పోతాయి. పొద్దుగూకి మంద తిరిగి రాగానే ఏ పిల్లను ఆ తల్లి దగ్గర విడవాలి. పరాయి పిల్లను విడిస్తే గొర్రె తలతో కుమ్మి పారేస్తుంది. ఆ పిల్ల పస్తు పడుకుంటుంది. నాలుగు రోజులు వరసగా పస్తుంటే చస్తుంది. అరవై పిల్లల మొహాలు గుర్తుపట్టాలి. గుర్తుపట్టాను కూడా, కడుపుతో ఐదో నెల వచ్చేదాకా.

ఐదో నెలలో నాకు పొద్దుగూకితే కళ్ళు పోయాయి. పగలు అన్నీ కనిపించేవి. సూర్యుడు అటు దిగగానే ఎవరో తలుపు వేసినట్టు అయ్యేది. రేచీకటి అని నాకు తెలుసు. పెళ్ళిలో అమ్మలక్కలు చెప్పుకున్న ముచ్చట కూడా తెలుసు. మామ వైపు చుట్టాల్లో ఒక కోడలికి రేచీకటి ఉందని, గుడ్డిదాన్ని అంటగట్టారని కడుపుతో ఉండగానే పుట్టింటికి పంపేశారు. మళ్ళీ తెచ్చుకోలేదు. అందుకే నేను నోరు విప్పలేదు. వాకిలి నుంచి దడికి పదకొండు అడుగులని లెక్కపెట్టుకున్నాను. పిల్లలను చేతులతో తడిమి, చెవులు పట్టుకుని పోల్చి, అరుపు విని విడిచేదాన్ని. సగం తప్పేది. నుదుట తెల్లమచ్చ ఉన్న ఒక బుజ్జి పిల్ల నా మూలంగా మూడు పూటలు పాలు లేక కూలబడింది.

అత్త మంచం మీద కూర్చుని అరిచేది. "ఎడమ దిక్కు! నల్లదాని పక్కపొంటి! కండ్లు యాడ పెట్టుకున్నవే? ఇంకా ఎడమకు!" ఆమె తిట్టిన దిక్కుకే పోయి పిల్లను విడిచేదాన్ని. చిత్రంగా ఆ పిల్లకు తల్లి దొరికేది. తిట్లు కూడా పనికొస్తాయని అప్పుడు తెలిసింది.

వాంతులు తగ్గడం లేదని అత్త నన్ను దవాఖానకు తీసుకుపోయింది. పోయేసరికి పొద్దు వాలింది. కాంపౌండరు సాబు ఏదో కలిపి చెంచా నా ముందుకు చాపారు. నేను గాలిని పట్టుకున్నాను. ఆయన రెండోసారి చెంచాను నా వేళ్ళకు తగిలేట్టు పెట్టారు.

"అమ్మా, ఇంట్ల పొద్దుగూకినంక పిల్లలను విడిచేది ఎవరు?" అని అత్తను అడిగారు.

"ఇగో గీమెనే సాబు. ఈ నడుమ మనసు పెడ్తలేదు."

"పెడ్తది" అని లోపలికి పోయి, అడుగున మిగిలిన సొరచేప నూనె ఒక చిన్న సీసాలో పోసి తెచ్చారు. ఆ రోజుల్లో మందు సీసా పక్కన కాగితపు పట్టీ అంటించేవారు. కాగితం మడిచి కత్తెరతో అంచు కత్తిరిస్తే మెట్లు మెట్లుగా వచ్చేది. ఒక్కో మెట్టు ఒక్కో రోజు మోతాదు. మేము గీతలనేవాళ్ళం. ఈ సీసాకు ఆరు గీతలు పెట్టారు. "కాన్పు మందు. అన్నం తిన్నంక దినాం ఒక గీత. ఎక్కువ తాగద్దు, తక్కువ తాగద్దు. సర్కారు సీసా, కడిగి వాపస్ తేవాలె" అన్నారు. అత్త సీసాను కొంగున ముడి వేసుకుంటుంటే నా పక్కకు వంగి, మెల్లగా, "భయపడకు బిడ్డ. ఇది పోయేదే. నేనెవ్వరికి చెప్ప" అన్నారు. ఐదు వారాల్లో ఆ ఒక్క పూట నేను కడుపునిండా ఊపిరి తీసుకున్నాను.

ఇంటికి వచ్చాక అత్త సీసాను దీపం దగ్గర పెట్టి గీతలు లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. తరువాత మామను కేకేసింది.

"ఇగో సూడు! మన ఇంట్ల ఆరుగురమని సాబుకు ఎట్ల ఎరుక?"

మామ వచ్చి తనూ లెక్కపెట్టాడు. "సర్కారోళ్ళ దగ్గర అందరి లెక్క ఉంటది" అన్నాడు గంభీరంగా.

మా ఇంట్లో ఏది తెచ్చినా వంతులే. బెల్లం గడ్డ తెచ్చినా, ముంజలు తెచ్చినా ఆరు భాగాలు. కోడలు ఒంటిగా ఏదైనా మింగడం ఆ ఇంట్లో ఎన్నడూ జరగలేదు. కొత్తదాన్ని, మామ ముందు నోరెత్తి "అది ఆరు రోజులది" అని చెప్పే ధైర్యం నాకు లేదు. అందరూ వరసగా కూర్చున్నారు. అత్త గీత చూసి చూసి న్యాయంగా పోసింది. అందరికంటే ముందు మామ, అందరికంటే వెనక నేను.

ఆ వాసన గురించి ఎలా చెప్పను? మా మరిది గోడ పట్టుకుని బయటికి పోయాడు. ఆడబిడ్డ నాలుకను పైటతో తుడుచుకుంది. మామ ఇంటి పెద్ద కనుక కదలకుండా కూర్చుని, "బలమైనదే" అని మాత్రం అన్నాడు. కాసేపటికి ఆయనకు తేన్పులు మొదలయ్యాయి. మర్నాడు ఆయన మందలోకి పోతే, చిన్నప్పటి నుంచి ఆయన చేత్తో మేసిన పొట్టేలు వాసన చూసి నాలుగు అడుగులు వెనక్కి వేసింది. వీధిలోని రెండు పిల్లులు మాత్రం ఆయన మంచం కింద కాపురం పెట్టాయి. "గింత కంపు కొట్టిందంటే గింత గుణం ఉంటది" అని అత్తకు మందు మీద గురి కుదిరింది.

మూడో రోజు ఖాళీ సీసా పట్టుకుని మళ్ళీ దవాఖానకు పోయింది. నేను వెనక నిలబడ్డాను.

"సాబూ, మంచిగుంది. ఇంకొక ఆరు గీతలు పొయ్యి."

"ఆరు రోజులది, అప్పుడే ఎట్ల ఖతమైంది?"

"ఆరుగురమే గద మేము!"

ఆయన సీసా వంక చూశారు. అత్త వంక చూశారు. తరువాత నా వంక చూసి, "నీ వంతు ఒక్క గీతనేనా?" అన్నారు. తల ఊపాను. దవాఖానలో నూనె అయిపోయింది. పై నుంచి వచ్చే సరుకు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. రోడ్ల మీద గొడవలు, ఎవరి తలుపు ఎవరు కొడతారో తెలియని రోజులు. ఖాళీ సీసా మళ్ళీ అత్త చేతికే ఇచ్చి, "ఇది దగ్గర పెట్టుకో. అయితారం నేను కోదాడ దిక్కు పోయి తెస్త" అన్నారు. ఎవరో కోడలి కోసం, తన సెలవు రోజున.

అప్పట్లో కోదాడ దాటితే వేరే సర్కారు. నడుమ సరుకు తనిఖీ చేసే సుంకం నాకా. ఆయన అవతలి అంగడిలో చేప నూనె సీసా కొని తిరిగొస్తుంటే నాకాలో ఆపారు. ఈ ముచ్చట ఆయన నోటి నుంచి ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. నాకా మనిషి సీసా పైకెత్తి, "ఏంటండీ ఇది?" అన్నాడట.

"మందు."

"అందరూ మందనే అంటారండీ. టానిక్కని పేరు పెట్టి సారా దాటిస్తున్నారు. నేను చూడాల్సిందే."

"సూడు. కానీ గీ చెంచాతో సూడు" అని ఈయన జేబులోంచి చెంచా తీశారు. 

సర్కారు మనిషికి చెంచా ఏమిటని అతను సీసానే ఎత్తాడు. సారా అనుకుని ఎత్తాడు కనుక గుటకలు కూడా దానికి తగ్గట్టే వేశాడు. మూడో గుటకకు కళ్ళు గుడ్లగూబ కళ్ళయ్యాయి. చేతిలో సీసా రాతి మీద పడి పగిలింది. ఒక చేత్తో నోరు మూసుకుని, రెండో చేత్తో పొమ్మని సైగ చేశాడు. ఆ తరువాత ఆ నాకాలో కాంపౌండరు సాబు సంచిని ఎవరూ ముట్టలేదు. 

"సర్కారు తనిఖీ ఉండాలె బిడ్డ, మంచిదే. తనిఖీ చేసేటోనికి కూడా కొలత ఉండాలె" అని చెప్పి ఆయన నవ్వేవారు. కానీ ఆ ఆదివారం నవ్వలేదు. బస్సు దిగి తిన్నగా మా ఇంటికి వచ్చారు, ఉత్త చేతులతో. పొద్దుగూకుతోంది. నేను దడిలో తడుముకుంటున్నాను.

మా వాకిట్లో అప్పుడే కార్జం, అంటే గొర్రె కాలేయం, కాలుతోంది. మామ దగ్గర పొట్టేళ్ళను కొనే మాంసం దుకాణం ఆయన వారం వారం ఒక కార్జం మామకు మర్యాదగా పంపేవాడు. దాన్ని నిప్పుల మీద కాల్చి, ఉప్పు కారం అద్ది, మామ ఒక్కడే తినేవాడు. ఆరు వంతుల ఇంట్లో వంతులు లేని వస్తువు అదొక్కటే. అది ఇంటి పెద్దది. ఆడవాళ్ళు దాని వాసన మాత్రమే ఎరుగుదురు.

కాంపౌండరు సాబు ఆ నిప్పుల ముందు చాలాసేపు నిలబడ్డారు. చేప నూనెలో కళ్ళకు పనికొచ్చేదే కార్జంలోనూ ఉంటుంది, కోదాడ దాకా పోయి వెతికింది ఈ వాకిట్లోనే మాడుతోంది మరి. 

"పెద్దాయనా, గా కార్జంల ఒక ముక్క కోడలికి పెట్టు. కాన్పుకు మంచిది" అన్నారు.

"ఆడోళ్ళకు కార్జమా?" మామ నిజంగానే ఆశ్చర్యపోయాడు. "మా అమ్మ తినలే. ఈమె తినలే. నువ్వు సీసాల మందు ఇయ్యి, తాగిపిస్త. కార్జం మందెట్ల అయితది?"

ఈయన దడి వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయారు. ఆ పూట దడిలో కూర్చుని నేను పుట్టింటికి పోయే బాటలో ఏ ఊరి తరువాత ఏ ఊరు వస్తుందో తలుచుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఆయన మళ్ళీ వచ్చారు. ఈసారి ఖాకీ కోటు, తలకు టోపీ. ఆ కోటు ఆయన పెద్ద అధికారులు వస్తేనే వేసుకునేవారు. జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశారు. ఉర్దూ అక్షరాలు, కింద గుండ్రంగా ఊదారంగు ముద్దర. మామ మంచం మీద నుంచి లేచి నిలబడ్డాడు.

"దవాఖాన నుంచి వచ్చింది" అని ఆయన కాగితం ఎత్తి పట్టుకుని చదవసాగారు. "ఈ ఇంటి కోడలికి వారానికి ఒక్కసారి గొర్రె కార్జం. అరచేతిల మూడో వంతు. దినాం మునగాకు కూర. కాన్పు అయ్యేదాక. వేరేటోళ్ళు ఎవ్వరు గీ వంతు ముట్టరాదు."

మామ రెండు చేతులతో ఆ కాగితం అందుకున్నాడు. చాలాసేపు ముద్దర వంక చూశాడు. "సర్కారే చెప్పినంక నేనెవణ్ణి?" అన్నాడు. గొంతులో కొంచెం దుఃఖం కూడా ఉంది. కాసేపటికి అడిగాడు, "అరచెయ్యి అంటే ఎవరిది? నాదా, ఆమెదా?"

"తినేటోళ్ళది."

మామ నా చెయ్యి చాపమని, తన చేతి పక్కన పెట్టి చూసుకుని కాస్త ఊరట పడ్డాడు. అత్తకు వేరే సందేహం వచ్చింది. "సాబూ, రెండింతలు పెడితే బిడ్డకు రెండింతలు బలం గద?"

"మందకు రెండింతల పచ్చిమేత పెడితే ఏమైతది?"

"కడుపుబ్బి పడిపోతయ్."

"మనిషికీ గంతే. బలం అన్నది కూడా మందే అమ్మా. కొలత దాటితే అదే రోగం."

మరుసటి ఆదివారం నుంచి మా ఇంట్లో కొత్త తతంగం మొదలైంది. కార్జం కాలగానే మామ తలపాగాలోంచి కాగితం తీసి పక్కన పెట్టుకునేవాడు. నా అరచేతి మీద ముక్క పెట్టి కొలిచేవాడు. నేను తింటుంటే ఎదురుగా కూర్చుని, తన కాకుండా పోతున్న ఒక్కో ముక్కనూ కళ్ళతో సాగనంపేవాడు. నేను మింగడం అయ్యాక, "సర్కారు ముద్ద అయిపోయిందా?" అని అడిగి, కాగితం మడిచి మళ్ళీ తలపాగాలో పెట్టుకునేవాడు. ఎవరైనా చూస్తానంటే చేతికి ఇచ్చేవాడు కాదు. సర్కారు కాయితం మైల పడుతుందనేవాడు.

రెండో ఆదివారం దాటాక ఒక సాయంత్రం మంద వచ్చింది. పదకొండు అడుగులు లెక్కపెట్టుకుంటూ దడిలోకి పోయి వంగాను. నా మోకాళ్ళ దగ్గర ఒక తెల్లమచ్చ కదిలింది. చేత్తో తడమలేదు, కంటితో చూశాను. నుదుట మచ్చ ఉన్న ఆ బుజ్జి పిల్ల నా వంకే చూస్తోంది. దాన్ని ఎత్తుకుని, తల్లి ఎక్కడుందో చూసి, పోయి విడిచాను. అది తోక ఆడిస్తూ పాలు తాగుతుంటే దడిలో కూలబడి భోరున ఏడ్చాను.

అత్త వచ్చి పక్కన కూర్చుంది. "కనబడ్తున్నదా?" అంది.

నేను బిత్తరపోయాను. "మీకు తెలుసా అత్తయ్యా?"

"ఎరుకలేకేంది? నాకు ఐదు కాన్పులకు గిట్లనే అయింది. పొద్దుగూకితే కండ్లు పోయేటియి, బిడ్డ పుట్టినంక వచ్చేటియి. ఆడోళ్ళకు గిట్లనే ఉంటదనుకున్న. మీ మామకు ఇయ్యాలటి దాక చెప్పలే."

ఎడమ దిక్కు, ఎడమ దిక్కు అని ఆమె ఎందుకు అరిచిందో అప్పుడు అర్థమైంది. మంచం మీద కూర్చుని తిట్ల రూపంలో నాకు దారి చూపించింది. ఆమెను పట్టుకుని ఇంకాస్త ఏడ్చాను. ఆమె నా వీపు నిమిరి, "గా నూనె కండ్లకని ముందే చెప్తే ఏమైతుండె? మీ మామకు చుక్క పోయకపోదును" అంది.

ఆడపిల్ల పుట్టింది. కాంపౌండరు సాబు చూడవచ్చి, పిల్ల కళ్ళ ముందు చెంచా అటూ ఇటూ ఆడించి, అది తలతిప్పి చూస్తే సంతోషించి, పోతూ పోతూ నాతో అన్నారు: "సీసా వాపస్ ఇయ్యలేదు నువ్వు." సీసాలో అప్పటికే అత్త పిల్ల తలకు ఆముదం పోసి పెట్టింది. ఇస్తానన్నాను, ఇవ్వలేదు. తరువాత ఆయన బదిలీ అయి, పెన్షను తీసుకుని, మిర్యాలగూడలో కూతురి దగ్గర స్థిరపడ్డాక కూడా ఎప్పుడు కలిసినా అదే మాట. మా పిల్ల పెళ్ళిలో అక్షింతలు వేసి వచ్చి కూడా, "సీసా?" అన్నారు. నన్ను ఆటపట్టిస్తున్నారనుకుని నవ్వేదాన్ని.

మామ పోయాక ఆయన తలపాగాలో ఆ కాగితం దొరికింది. నా కళ్ళకు హక్కు రాసిచ్చిన కాగితం కదా, పెట్టెలో భద్రంగా దాచుకున్నాను. ఉర్దూ నాకు రాదు. చదివించాలన్న ఆలోచనే రాలేదు, అందులో ఏముందో ఆయన చదవగా విన్నాను కదా.

కార్డు వచ్చిన రోజు పెట్టె తెరిచి, ఆయన చేతిరాత అనుకుని ఆ కాగితాన్ని మా వీధి దర్జీ దగ్గరికి తీసుకుపోయాను. పెద్దాయన, ఆ కాలపు ఉర్దూ చదువు చదివిన మనిషి. మిషను ఆపి, అద్దాలు సర్దుకుని చదివాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు.

"గిది ఎవరిచ్చిన్రమ్మా మీకు?"

"దవాఖాన కాంపౌండరు సాబు. కార్జం తినమని రాసిన్రు."

"కార్జమా? గిండ్ల గట్ల లేదే. సీసా రసీదు గిది. 'ఖాళీ సీసా ఒకటి. సర్కారు సొత్తు. కడిగి వాపసు చేయవలెను.' గంతే. పేరు రాసే జాగల 'కోడలు' అని ఉన్నది."

నేను దర్జీ అరుగు మీద కూర్చుండిపోయాను. డాక్టరని పిలిచిన ప్రతివాడికీ మందు రాసే హక్కు తనకు లేదని చెప్పిన మనిషి, ఒక్క గోలీ కూడా సొంతంగా రాయని మనిషి, ఆ పొద్దున కూడా రాయలేదు. సీసా రసీదు ఎత్తి పట్టుకుని, లేని హుకుంను తడబడకుండా చదివారు. ఆ ముద్దర సంగతి బయటపడితే నౌకరీ పోయేది, ఆ రోజుల్లో అంతకంటే ఎక్కువే పోయేది. అప్పటికి నా పేరు కూడా ఆయనకు తెలియదు. ఏడ్వాలో నవ్వాలో తెలియక రెండూ చేశాను. దర్జీ చాయ్ తెప్పించాడు.

ఇంటికి వచ్చి అటక మీంచి సీసా దించాను. ఇన్నేళ్ళ ఆముదం పట్టి కాగితం పట్టీ పచ్చగా మాగింది, కానీ ఊడలేదు. పట్టీ తడవకుండా లోపల బూడిదతో, వేడినీళ్ళతో నాలుగుసార్లు కడిగాను. ఎండలో బోర్లించాను. ఆయన పదో రోజుకు మిర్యాలగూడ బస్సెక్కాను.

ఆయన ఫొటో ముందు కూతురు ఆయన చెంచా పెట్టింది. దాని పక్కన సీసా పెట్టాను.

"ఇదేంది అక్కా?" అంది.

"దవాఖానది. కడిగి వాపస్ తెచ్చిన" అన్నాను. కోదాడ మాట ఎప్పుడో పోయింది నాకు.

తిరిగి బయలుదేరేసరికి పొద్దుగూకింది. చీకటి పడింది, లైటు పట్టుకుని తోడు వస్తానంది కూతురు. వద్దన్నాను. వాకిట్లోకి వచ్చి ఒకసారి వెనక్కి చూశాను. లోపల ఇంకా దీపం పెట్టలేదు. ఆ మసకలో ఆయన ఫొటో, చెంచా, దాని పక్కన ఖాళీ సీసా. అక్కడ నిలబడే గీతలు లెక్కపెట్టాను. ఆరూ కనిపించాయి.